రెప్పల బేరం

కనురెప్పలకు ఆపరేషన్ చేయించుకుంటే తర్వాత ఎలా ఉంటుందని ఈమధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మా వీధిలో వయసు మీదపడిన ఆడవాళ్ళందరూ చీరలు చూసే వంకతో కొట్లోకి వచ్చి నా మొహం చూసి వెళ్తున్నారు. ఎడమ కన్ను చూస్తారు, కుడి కన్ను చూస్తారు, రెండూ సమానంగా ఉన్నాయో లేదో తలకాయ వంచి మరీ చూస్తారు. చీర మాత్రం కొనరు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక జరిగింది రాసిపెడుతున్నాను. చదివినవాళ్ళు కనీసం ఒక జాకెట్టు ముక్కైనా కొని వెళ్తారని ఆశ.

మాది విజయనగరంలో పాతకాలపు బట్టల కొట్టు. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పట్లు పరిచిన పరుపుల మీద కూర్చుని చీర చూసుకునే రకం. మా ఆయన చీరలు విప్పి చూపిస్తారు, నేను గల్లా పెట్టె దగ్గర కూర్చుంటాను. ఆయనలో లోపం ఒక్కటే, కాదనడం రాదు. కొనేవాళ్ళు కాస్త దిగులుగా మొహం పెడితే చాలు, అసలు ధర కంటే కిందికి దిగిపోయి, పైగా వాళ్ళ పిల్లలకి జేబురుమాళ్ళు ఊరికే ఇచ్చి పంపిస్తారు. నేనేమో శ్రీకాకుళంలో ఇత్తడి సామాన్ల కొట్లో పెరిగినదాన్ని. మా నాన్న గంగాళాలు అమ్ముతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నది బళ్ళో నేర్చుకున్న దానికంటే ఎక్కువ. అలాంటిదాన్ని తెచ్చి ఇలాంటాయనకి కట్టబెట్టారు. కొత్తలో కొన్నాళ్ళు ఏడ్చాను. ఏడిస్తే లాభం పెరగదని తెలిశాక ఒక ఏర్పాటు చేశాను.

ఆ ఏర్పాటు ఇది. బేరం నడుస్తున్నంతసేపూ ఆయన మధ్యమధ్యలో నా వంక చూడాలి. నా కళ్ళు మామూలుగా తెరిచి ఉంటే కుదరదని చెప్పాలి. రెప్పలు సగం దించితే ఇంకాస్త తగ్గించవచ్చు. రెండు కళ్ళూ నిదానంగా, పూర్తిగా మూస్తే అదే ఆఖరు ధర, ఇచ్చెయ్యాలి. నోటితో మాట లేదు, చేత్తో సైగ లేదు. చూసేవాళ్ళకి నేను గల్లా దగ్గర కునికిపాట్లు పడే షావుకారమ్మని. ఈ పద్ధతి మీదే పిల్లల చదువులు అయ్యాయి, మేడ మీద గది పడింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదని నా గట్టి నమ్మకం.

వయసుతోపాటు నా పై రెప్పలు జారడం మొదలుపెట్టాయి. అది నాకు తెలియలేదు. కొట్లో లాభం జారడం మాత్రం తెలిసింది. చీరలన్నీ దాదాపు కొన్న ధరకే పోతున్నాయి. జనం మాత్రం ఎన్నడూ లేనంతగా వస్తున్నారు. ఒక సాయంత్రం కొట్టు కట్టేసే వేళ ఆయన్ని నిలదీశాను. ఆయన నా వంక అమాయకంగా చూశారు.

"నువ్వే కదా దించమంటన్నావు? పొద్దున్నించీ సగం మూసుకునే కూకుంటన్నావు."

అద్దంలో చూసుకున్నాను. నిజమే. నా రెప్పలు నన్నొక మాట అడక్కుండా, వచ్చినవాళ్ళందరికీ తగ్గింపు ధరలు ప్రకటిస్తున్నాయి. పై అరలో చీరల కట్ట చూడాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోంది. అలా ఎత్తినందుకు నాకు పొగరెక్కిందని వీధిలో ఒక పేరు కూడా వచ్చింది.

విశాఖపట్నంలో కంటి డాక్టరమ్మ చూసి, రెప్పల మీద చర్మం ఎక్కువై వేలాడుతోందని, రెప్పని పైకెత్తే కండ కూడా సడలిందని, చూపుకి అడ్డం వస్తోంది కాబట్టి ఆపరేషన్ చేస్తే మంచిదని చెప్పింది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగింది. కొట్లో రేట్లు పడిపోయినప్పటినుంచి అని మా ఆయన జవాబు చెప్పారు. ఆవిడ అది రాసుకోలేదు.

ముహూర్తం నేనే పెట్టాను. అప్పుడు శుక్రమూఢం నడుస్తోంది. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, పెళ్ళి బట్టలు కొనరు, మా కొట్లో ఈగలు కూడా మూఢం పాటిస్తాయి. ఆ ఖాళీలో కోయించుకుని, మూఢం వెళ్ళేసరికి కొత్త రెప్పలతో గల్లా దగ్గర కూర్చోవచ్చని నా లెక్క. మూఢంలో కొత్త పనులు మొదలుపెట్టకూడదని మా అమ్మ శ్రీకాకుళం నుంచి ఫోన్లో గోల పెట్టింది. నేనేమీ మొదలుపెట్టడం లేదని, మిగిలిపోయిన పాత సరుకు తీయించేస్తున్నానని సర్దిచెప్పాను.

తొందర ఎందుకంటే, మూఢం వెళ్ళగానే రావలసిన బేరం ఒకటుంది. రామతీర్థం దగ్గర పల్లెలో ఒక రైతు కుటుంబం మా మామగారి రోజులనుంచీ మా కొట్లోనే పెళ్ళి బట్టలు కొంటోంది. ఆ ఇంటి ముసలమ్మ ఏ కొట్టు మెట్టెక్కితే ఆ ఊరంతా ఆ కొట్టే ఎక్కుతుంది. ఇప్పుడు ఆవిడ మనవరాలి పెళ్ళి. మధుపర్కాల నుంచి బంధువులకి పెట్టే పెట్టుబడి చీరల దాకా అన్నీ కావాలి. ఈలోగా మా వీధి చివర నాలుగంతస్తుల బట్టల మాల్ లేచింది. ఒకటే రేటు, కదిలే మెట్లు, లోపల చలి. పెళ్ళికూతురు అక్కడికే వెళ్దామంటోందని మా దాకా కబురు వచ్చింది. ముసలమ్మ ఒక్కసారి ఆ కదిలే మెట్లు ఎక్కిందంటే ఆ ఊరు మళ్ళీ మా పరుపుల మీద కూర్చోదు. ఆ ఊరు లేకపోతే మా కొట్టు మాకు మిగలదు. అలాగని మా ఆయన్ని ఒంటరిగా ఆ బేరానికి వదిలితే, కొట్టు తాళాలు కూడా చీరల్లో చుట్టి ఇచ్చేస్తారు.

అందుకని ఆపరేషన్ కంటే ముందు డాక్టరమ్మతో బేరానికి కూర్చున్నాను. వారం అటూ ఇటూగా కుట్లు తీస్తామంది. కమిలిన రంగు పోవడానికి రెండు మూడు వారాలంది. వాపు మొదట్లో తొందరగా తగ్గి, ఆపైన నత్తలా నడుస్తుందంది. రెప్పలు పూర్తిగా సర్దుకోవడానికి కొన్ని నెలలు పట్టవచ్చంది. నేను సగం దగ్గర మొదలుపెట్టాను. రెండు రెప్పలూ ఒకేసారి చేయించుకుంటున్నాను కదా, టోకున ఏమైనా తగ్గదా అని అడిగాను. మా మూఢం సంగతి కూడా వివరించాను. "మీ ఒంటిని అడగండమ్మా, నా చేతుల్లో లేదు" అంది ఆవిడ. ఓనరు ఊళ్ళో లేడని గుమాస్తా తప్పించుకున్నట్టే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నేను బేరం ఆడలేదు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, చూపు మసకబారినా, రక్తం ఆగకపోయినా ఎంతమాత్రం ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యాలని చెప్పింది. సరేనన్నాను.

ఆపరేషన్‌కి మత్తు రెప్పల వరకే ఇచ్చారు. మెలకువగానే ఉన్నాను. నొప్పి లేదు గానీ, మధ్యలో ఎత్తు సరిచూసుకోవడానికి కళ్ళు తెరవండమ్మా అంటుంది, మూయండమ్మా అంటుంది, మళ్ళీ తెరవండమ్మా అంటుంది. నా జీవితంలో ఇన్నిసార్లు వరుసగా ఎవరికీ మూసి తెరవలేదు. మా ఆయన లోపలికి వచ్చి ఉంటే కొట్టు మొత్తం ఆవిడ పేరున రాసి ఉండేవారు.

ఇంటికొచ్చాక అసలు కథ. మొదటి రోజుల్లో చల్లటి గుడ్డ కళ్ళ మీద వేసుకోవాలి, తీసెయ్యాలి, మళ్ళీ వేసుకోవాలి. తల ఎత్తుగా పెట్టుకుని, దిండ్లకి ఆనుకుని, బస్సులో పడుకున్నట్టు పడుకోవాలి. వంగకూడదు, బరువెత్తకూడదు, కళ్ళు నలపకూడదు, తలంటుకోకూడదు, కాటుక మాట ఎత్తకూడదు. కుట్లకి రాసే ఆయింట్‌మెంటు కంట్లోకి దిగి, చూసిన ప్రతిదీ నూనె కాగితం వెనకనుంచి చూసినట్టుంటుంది. మొదటి రాత్రికంటే రెండో నాడు వాపు పెరిగింది. పెరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను నమ్మలేదు. అమ్మేవాళ్ళు ముందు ఎక్కువ చెప్పడం నాకు కొత్త కాదు కదా.

రంగుల సంగతి చెప్పాలి. మొదట వంగపండు. తర్వాత నెమలికంఠం. అక్కడినుంచి చిలకపచ్చ, చివరికి పసుపు. రంగు బుగ్గల మీదికి దిగి, కింద సన్నటి అంచు కూడా కట్టింది. మా కొట్లో ఇన్ని రంగులు ఒకే చీరలో అడిగితే లేవని చెప్తాం.

నన్ను చూసుకోవడానికి మా అమ్మ వచ్చింది. వస్తూనే పథ్యం మొదలుపెట్టింది. అన్నీ తినవచ్చని డాక్టరమ్మ చెప్పిందన్నాను. "పప్పు తింటే సీము పడతాది. ఆ డాక్టరమ్మకి ఏటి తెలుసు, సదువుకున్న గుంట" అని తేల్చేసింది. కాబట్టి ఆ రోజులన్నీ నేను వంగకుండా, నలపకుండా, పప్పు లేకుండా, దిండ్ల మధ్య దేవతలా కూర్చున్నాను. దేవతలకైనా నైవేద్యం పెడతారు.

పరామర్శకి వచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు, నా మొహం చూశారు, మా ఆయన వంక చూశారు, గొంతు తగ్గించారు. నేను ఆపరేషన్ అంటే నమ్మినట్టు తలూపారు. రెండు కళ్ళూ అలా నల్లబడ్డ ఆడదాన్ని చూసి వాళ్ళు ఏమనుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు. చీమకి కూడా ఎదురు చెప్పని మనిషికి మా వీధిలో కొత్త పేరు వచ్చింది. కిళ్ళీ కొట్టాయన ఆయన్ని పక్కకి పిలిచి కోపం తగ్గించుకోమని బుద్ధి చెప్పాడట. ఆ వారం కొట్టుకి వచ్చిన ఒకరిద్దరు ఆయన చెప్పిన ధరకి నోరెత్తకుండా డబ్బులిచ్చి వెళ్ళారట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తున్నప్పుడు ఆయన ఛాతీ కొంచెం ముందుకి వచ్చింది. నేను నవ్వబోయి, కుట్లు లాగితే ఆగాను.

కుట్లు తీశారు. చీమ కుట్టినట్టు అనిపించింది, అంతే. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు మా అమ్మ ఒక తెల్లవారుజామున లేపి, నిద్రలో నా కళ్ళు సన్నగా తెరిచే ఉంటున్నాయని, చూసి గుండె జారిందని చెప్పింది. డాక్టరమ్మకి చూపిస్తే కంగారు పడలేదు. రెప్పని ఎత్తి కుట్టాక కొన్నాళ్ళు ఇలా పూర్తిగా మూతపడకపోవచ్చని, అది మెత్తబడే దాకా పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వాడి కన్ను ఎండిపోకుండా చూసుకోవాలని, ఎండలోకి వెళ్తే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాలని చెప్పింది. ఎన్నాళ్ళని అడిగాను. వారాలంది. మూఢం ఇంకో రెండు రోజుల్లో వెళ్ళిపోతోందన్నాను. ఆవిడ మళ్ళీ రాసుకోలేదు.

అంటే నా పరిస్థితి ఇది. ఇన్నేళ్ళూ మూడు మాటలతో కొట్టు నడిపినదాన్ని. రెప్పలు జారినప్పుడు నాకు మిగిలింది తగ్గించు అన్న మాట ఒక్కటే. డబ్బు పోసి కోయించుకున్నాక మిగిలింది కుదరదు అన్న మాట ఒక్కటే. ఇచ్చెయ్యి అనే మాట నా మొహంలోనే లేదు.

మూఢం వెళ్ళిన మర్నాడే, కొట్టు ఊడ్చి దీపం పెట్టే వేళకి, ముసలమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చేసింది. బోణీ బేరం. నేను నల్ల కళ్ళద్దాలతో గల్లా దగ్గర కూర్చున్నాను. ముసలమ్మ నా అద్దాల వంక ఒకసారి చూసి, పరుపు మీద చతికిలబడింది. మనవరాలు మెట్టు మీదే నిలబడి ఫోన్ చూసుకుంటోంది. చెప్పులు కూడా విడవలేదు.

పట్టుచీరలు చూశారు, పక్కన పెట్టారు. మధుపర్కాలు అయ్యాయి. పెట్టుబడి చీరల దగ్గర బేరం మొదలైంది. కట్టలకి కట్టలు కావాలి కాబట్టి అసలు బేరం అదే. ముసలమ్మ ఒక ధర అడిగింది. మా ఆయన అలవాటుగా నా వంక తిరిగారు. అద్దాల్లో ఆయనకి ఆయన మొహమే కనబడింది. కంగారుపడి దగ్గారు. నేను అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన చూశారు. కళ్ళు తెరిచి ఉన్నాయి.

"కుదరదమ్మా" అన్నారు.

ముసలమ్మ కాస్త పెంచింది. ఆయన చూశారు. కుదరదన్నారు. ఇంకాస్త పెంచింది. అది మంచి ధర. ఇచ్చెయ్యవలసిన ధర. నేను కళ్ళు మూయబోయాను. పై రెప్ప సగం దాటి దిగి ఆగిపోయింది. బలవంతంగా నొక్కితే నుదురు ముడతపడింది, బుగ్గలు వణికాయి, రెప్పల మధ్య తెల్లగుడ్డు సన్నగా కనబడుతూనే ఉంది. నీళ్ళు కారడం మొదలైంది. నా మొహంలో ఇలాంటి ఆజ్ఞ మా ఆయన ఇంతవరకు చూడలేదు. ఇది చాలా గట్టి కుదరదు అయి ఉంటుందని అనుకున్నారు.

"ఒట్టు, అస్సలు కుదరదమ్మా" అన్నారు, ఆయనకే ఏడుపొచ్చేలా ఉంది.

నోరు తెరిచి ఇచ్చెయ్యమని చెప్పవచ్చు కదా అని మీరడగవచ్చు. చెప్పవచ్చు. ఇన్నేళ్ళలో బేరం మధ్య నేను నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పితే ధర నా దగ్గర ఉందని తెలిసిపోతుంది, రేపటినుంచి ప్రతివాళ్ళూ ఆయన్ని వదిలేసి నా చుట్టూ మూగుతారు. అంత ఇబ్బందిలోనూ లెక్క మానలేదు నేను. కొట్టు పోతే పోయింది, పద్ధతి నిలబడాలి అనుకునే రకం తెలివి నాది.

మనవరాలు మెట్టు మీదనుంచి, "సెప్పేను కదే మామ్మా, ఆళ్ళు తగ్గరు. ఏసీలో కూకుని కొనుక్కుందుం, నెగు" అంది. ముసలమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఇక లేచిపోతోందనుకున్నాను.

ఆవిడ లేవలేదు. మోకాలు సర్దుకుని మా ఆయన వంక తిరిగింది.

"సావుకారు బాబూ, ఆయమ్మ ఇచ్చీమంటన్నాది. రెప్పలు పడక అవస్త పడతన్నాది. అగుపడ్డం నేదేటి నీకు?"

మా ఆయన చీర మడత చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. ముసలమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు కోడలిగా వొచ్చిన కాణ్ణించి సూస్తన్నాను, సావుకారమ్మా. సగం దించితే ఇంకా దిగుతాది. మూసితే ఇంక దిగదు. నువ్వు మూసీదాకా నేనెప్పుడైనా నెగిసేనా?"

ఆలోచించాను. ఎప్పుడూ లేవలేదు. ప్రతి పెళ్ళికీ, ప్రతి పురిటికీ, నా ఆఖరు ధరకి ఒక్క రూపాయి పైన కొనలేదు. నేను కునికిపాట్లు పడుతున్నట్టు నటించినంతసేపూ ఆవిడ చెవిటిదానిలా నటించింది.

"మరి కిందటేడంతా మీ ఊరివాళ్ళు అంతమంది వచ్చారు" అన్నాను. నోరు విప్పడం అదే మొదలు.

"నేనే సెప్పినాను. సావుకారమ్మ రెప్పలు జారిపోనాయి, ఎప్పుడెళ్ళినా సగమే, ఇప్పుడే కొనుక్కోండి అని." కాస్త జాలిగా నా మొహం చూసింది. "కళ్ళకేటో అయినాది, సూపించుకోవమ్మా అని నీకు సెబుదుననుకున్నాను. మా పెద్ద మనవడి పెళ్ళి బట్టలు కొనీదాకా ఆగినాను. ఆ ఎనక మరిసిపోనాను."

నా జబ్బు నాకంటే ముందు ఒక ఊరంతా కనిపెట్టి, సీజన్ వాడుకుని, నిశ్శబ్దంగా చీరలు పట్టుకుపోయింది. నేను డాక్టరు ఫీజు కట్టాను.

మనవరాలు ఇంకా ఆ మాల్ మాటే అంటోంది. ముసలమ్మ దాన్ని చెప్పులు విడిచి లోపలికి రమ్మంది. "అక్కడ సీరకి రేటు సీటీ అంటించీసి ఉంటాది. ఆ సీటీకి రెప్పలుంటాయేటే? ఎవుల మొకం సూసి బేరమాడతాను?"

ఆ పిల్ల చెప్పులు విడిచింది. మా ఆయన చీరలు కట్టలు కట్టారు, నేను మూయలేకపోయిన ఆ ధరకే. ముసలమ్మ దానికంటే తగ్గించమని అడగలేదు. ఆవిడకీ ఒక పద్ధతి ఉంది.

తర్వాత మా అమ్మ మొక్కు ప్రకారం అరసవల్లి వెళ్ళాం. సూర్యనారాయణమూర్తి దగ్గరికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి, వెండి కళ్ళు సమర్పించుకుని వచ్చాను. గుడి ముందు అమ్మే ఆ వెండి కళ్ళకి రెప్పలుండవు. అవి ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాటి ధర దగ్గర అమ్మేవాడు కూడా కుదరదనే అన్నాడు.

నెలలు గడిచాయి. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది, ఎక్కడా పైసా తగ్గించలేదు. మొద్దుబారిన చోట స్పర్శ వచ్చింది. దురద పెట్టి, నలపకుండా నన్ను చంపి, పోయింది. కోసిన గీత మడతలో కలిసిపోయింది. కుడి రెప్ప కొన్నాళ్ళు ఎడమదానికంటే ఎత్తుగా ఉండి, ఆపైన దారికొచ్చింది. కళ్ళు పూర్తిగా మూతపడుతున్నాయి. పై అరలోని కట్టలు గడ్డం ఎత్తకుండానే కనబడుతున్నాయి, వాటి మీద దుమ్ముతో సహా.

మొన్న ముసలమ్మ సారె చీరలకి వచ్చింది. మనవరాలూ వచ్చింది. ఈసారి అడగకుండానే చెప్పులు విడిచింది. బేరం మొదలైంది. మా ఆయన నా వంక చూశారు. ముసలమ్మా నా వంకే చూసింది. ఇద్దరిలో ఎవరికి చెప్తున్నానో నాకే తెలియలేదు. కానీ నేను ఇత్తడి కొట్లో పెరిగినదాన్ని. ఆఖరు ధర ఇంకా చాలా దూరం ఉండగానే, నిదానంగా, నిండుగా, రెండు కళ్ళూ మూశాను.

తెరిచేసరికి ముసలమ్మ కదలకుండా అలాగే కూర్చుని ఉంది. నా రెప్పల్ని కాసేపు పరిశీలించి, వెనక దిండుకి చేరబడి, మనవరాలిని మంచినీళ్ళు తెమ్మంది.

"కొత్త రెప్పలు కదమ్మా, ఇంకా సర్దుకోవాల. నాకేటి తొందర? కూకుంటాను."